ఆన్‌లైన్ పరీక్షలో కాపీని ఆపాలంటే కెమెరా నిఘా సరిపోతుందా?

విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆన్‌లైన్ పరీక్షకు కెమెరా నిఘా చాలా, ఇంకేమైనా కావాలా అని అడిగారు. కెమెరా సంగతి తర్వాత, ముందు మీ ప్రశ్నపత్రం బయటికి తీయండి.

నేను మొదటి సంవత్సరం వాళ్లకు స్టాటిస్టిక్స్ చెబుతాను. 2020లో పరీక్షలన్నీ ఉన్నట్టుండి ఇళ్లకు మారినప్పుడు పాత ప్రశ్నపత్రాన్నే తెర మీదికి ఎక్కించి చేతులు దులుపుకున్నాను. అందులో ఒక చిన్న లెక్క: 52, 55, 61, 64, 68. వీటి సగటు, మధ్యగతం (చిన్నది నుంచి పెద్దదాకా పేరిస్తే సరిగ్గా నడుమ నిలిచే సంఖ్య) కనుక్కోవాలి. సగటు 60. దిద్దుతుంటే ఒక జవాబులో 63.6 కనిపించింది. తర్వాతి దాంట్లోనూ 63.6. అలా పదకొండు మంది! మొదట చేసినవారు ఎవరో 68ని 86గా వేసుకున్నారు. మిగిలిన పదిమంది ప్రశ్న వైపు కన్నెత్తి చూడకుండా దించేశారు.

ఆ రోజు వాళ్ల మీద వచ్చిన కోపం మర్నాటికి నా మీదికే తిరిగింది. కాలిక్యులేటర్ చేసే పనిని పరీక్షలో అడిగింది నేనే కదా. మేం పరీక్షలు పెట్టే మూడుల్ (Moodle) అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలు ఇచ్చే వీలుంది, అదీ చేసి చూశాను. అంకెలు మారాయి, పద్ధతి మాత్రం చేతులు మారుతూనే ఉంది.

తర్వాతి పరీక్షలో ఆ తప్పునే ప్రశ్నగా ఇచ్చాను. "68 బదులు 86 పడింది. సగటు పెరిగింది, మధ్యగతం 61 దగ్గరే ఉండిపోయింది. ఎందుకు? మధ్యగతం కూడా మారేలాంటి పొరపాటు ఒకటి మీరే కల్పించి చూపండి." ఇక దించుకోవడానికి ఏముంది? పొరపాటు ఎవరిది వాళ్లే వెతుక్కోవాలి.

బహుళైచ్ఛిక ప్రశ్నలు పెట్టేవాళ్లకు ఒక మాట. "పైవన్నీ" అనే ఐచ్ఛికాన్ని దయచేసి తీసేయండి. రెండు సరైనవని తెలిస్తే చాలు, మూడోదాన్ని చదవకుండానే అది గుర్తిస్తారు. నాలుగేసి ఐచ్ఛికాలతో ఇరవై ప్రశ్నలిస్తే, కళ్లు మూసుకుని గుర్తించినవాడికీ సగటున ఐదు వస్తాయి. ఒకసారి దాటిన ప్రశ్నకు మళ్లీ వెళ్లనివ్వని పరీక్షలు ఎవరి ఆలోచనో గాని, కాగితం మీద ఏనాడూ లేని శిక్ష అది. ఇక కెమెరా అంటారా, ఆలోచిస్తూ పైకప్పు చూసినవాళ్లను కూడా అది అనుమానిస్తుంది. నాకూ ఆ అలవాటుంది, నేను రాసినా దొరికిపోతాను.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇవేవీ చెల్లవంటున్నారు. నేను ఒప్పుకోను. రాసినదాని మీద రెండు నిమిషాలు మాట్లాడించండి, ఎవరిది ఎంతో తెలిసిపోతుంది.

ఆ పొరపాటు ప్రశ్నకు నేను ముందుగా రాసిపెట్టుకున్న జవాబు 68 బదులు 60 పడటం, చప్పటి సంఖ్య. ఒక అమ్మాయి మాత్రం 6 అని రాసింది. "68 కొడుతూ 8 నొక్కడం మరిచిపోతే 6 పడుతుంది, మధ్యగతం 55కు దిగుతుంది, సగటు 47.6 అవుతుంది" అట. నా జవాబు కొట్టేసి ఆమెది రాసుకున్నాను.