మీరు రాసింది దిద్దేదెవరు?

ప్రశ్న: మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కోర్సులో భాగంగా ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఒక పెద్ద టీవీ న్యూస్ ఛానల్ రమ్మంది. జీతం లేదు, ఏ పని ఇస్తారో వచ్చాక చెబుతామన్నారు. మా యూనివర్సిటీ కమ్యూనికేషన్స్ ఆఫీసులో కూడా చోటుంది, కొంత స్టైపెండ్ ఇస్తారు. ఛానల్‌ని వదులుకుంటే నీ అంత తెలివితక్కువది ఉండదంటున్నారు ఫ్రెండ్స్. ఏది మంచిది?

జవాబు: మీ ప్రశ్నలో నేను రెండుసార్లు చదివిన ముక్క ‘ఏ పని ఇస్తారో వచ్చాక చెబుతామన్నారు’ అన్నది. న్యూస్‌రూమ్‌లో ఎవరి హడావుడి వాళ్లది. ఇంటర్న్‌కు ఫలానా పని అని ముందే అనుకోకపోతే ఎనిమిది వారాలూ ఎవరో ఒకరి కుర్చీ వెనక నిలబడటంతోనే గడిచిపోతాయి. ఆఖరికి మిగిలేది మెడలో ఐడీ కార్డుతో దిగిన సెల్ఫీ. అలాంటి సెల్ఫీలు నా దగ్గరికి చాలానే వచ్చాయి లెండి.

ఛానల్‌లో ఇంటర్న్‌లకు తరచూ దొరికే పని లాగింగ్. రిపోర్టర్ తెచ్చిన నలభై నిమిషాల ఫుటేజీ చూసి, ఏ బైట్ (కెమెరా ముందు ఎవరైనా మాట్లాడిన ముక్క) ఏ టైమ్‌కోడ్ దగ్గర, అంటే ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర ఉందో రాసిపెట్టాలి. విసుగే, కానీ వృథా కాదు. ఆ నలభై నిమిషాల్లోంచి ఎడిటర్ ఏ పన్నెండు సెకన్లు ఏరుకున్నాడో సాయంత్రం బులెటిన్‌లో చూసి, ఎందుకని అడిగితే చాలా తెలుస్తుంది. అడిగితే చెప్పే మనిషి ఉండాలి, అంతే. ఆ మనిషి లేకపోతే ఆ పనికి వారం చాలు.

యూనివర్సిటీ ఆఫీసు అనగానే మీ ఫ్రెండ్స్‌కు స్నాతకోత్సవం ఫొటోలు, పూర్వ విద్యార్థుల న్యూస్‌లెటర్ గుర్తొస్తాయి. అవీ ఉంటాయి. అసలు సరుకు మాత్రం పరిశోధనల మీద రాసే ప్రెస్ నోట్లలో ఉంది. నిద్ర తక్కువైన ఎలుకలకు జ్ఞాపకశక్తి తగ్గిందని ఒక ప్రొఫెసర్ పేపర్ రాశారనుకోండి. కొత్తగా చేరిన ఇంటర్న్ ‘నిద్ర తగ్గితే మతిమరుపు ఖాయం’ అని హెడ్డింగ్ పెడుతుంది. పని తెలిసిన సీనియర్ దాన్ని కొట్టేసి పక్కన ఒకటే మాట రాస్తారు: ‘ఎలుకలేవీ?’ ఆ తర్వాత నోట్ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన ‘ఖాయం’ మీద ఇంకో గీత గీస్తారు.

ఇది చాదస్తమేమీ కాదు. బ్రిటన్‌లోని 20 యూనివర్సిటీలు విడుదల చేసిన 462 ఆరోగ్య, వైద్య పరిశోధనల ప్రెస్ నోట్లను పరిశీలించి కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. జంతువుల మీద చేసిన పరిశోధనల నోట్లలో, దాన్ని మనుషులకు అంటగట్టి పెంచి చెప్పినవి 36 శాతం. నోట్‌లోనే అతి ఉన్నచోట వార్తల్లో 86 శాతం అదే అతిని మోశాయి, నోట్ నిక్కచ్చిగా ఉన్నచోట 10 శాతమే. అంటే పేపర్లలో వచ్చే తప్పు చాలాసార్లు రిపోర్టర్ కంటే ముందే, మీరు కూర్చోబోయే ఆ బల్ల దగ్గరే పుడుతోంది. దాన్ని ఆపడం నేర్చుకున్నవాళ్లు రేపు ఏ డెస్క్‌కైనా పనికొస్తారు.

ఒక లోటు చెప్పాలి. అది పీఆర్, అంటే సంస్థ తరఫున మాట్లాడే పని, జర్నలిజం కాదు. ఫీజులు పెరిగాయని విద్యార్థులు ఆందోళనకు దిగితే ఆ ఆఫీసు యాజమాన్యం తరఫున వివరణ రాస్తుందే గాని, వార్త రాయదు. బైలైన్, అంటే రాసినదాని మీద మీ పేరు, కూడా ఉండదు. రిపోర్టింగే మీ కల అయితే క్యాంపస్ పత్రికకు వేరే రాస్తూ ఉండండి. కానీ మీ ఆఫీసు వ్యవహారాలను అందులోకి లాగకండి, రెండు చోట్లా నమ్మకం పోతుంది. బైలైన్ లేని లోటుకు మందుంది: మీరు రాసిన మొదటి డ్రాఫ్టు, దిద్దిన ప్రతి, అచ్చయిన నోట్, మూడూ దాచుకోండి. అడిగి, అనుమతి తీసుకునే సుమా.

జీతం సంగతి. 2011లో న్యూయార్క్‌లో ఒక సినిమాకు ఉచితంగా పనిచేసిన ఇంటర్న్‌లు ఫాక్స్ సెర్చ్‌లైట్ అనే సినిమా సంస్థ మీద కేసు వేశారు. 2013లో కింది కోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. 2015లో అప్పీలు కోర్టు దాన్ని పక్కనపెట్టి, ఆ ఏర్పాటు వల్ల ఎక్కువ లాభం ఎవరికి, ఇంటర్న్‌కా కంపెనీకా అన్నది చూడాలంది. 2018లో అమెరికా కార్మిక శాఖ కూడా ఇదే కొలమానానికి వచ్చింది. మీ దేశంలో చట్టం ఏదైనా ఈ ప్రశ్న మీరు వేసుకోవచ్చు. ఉద్యోగి చేయాల్సిన షిఫ్టు మీతో చేయించుకుంటూ నేర్పేదేమీ లేకపోతే, దాన్ని శిక్షణ అనుకోవడం మన భ్రమ.

నా ఓటు యూనివర్సిటీ ఆఫీసుకే. అయితే ఒప్పుకునే ముందు ఈ రాత్రే ఛానల్‌కు నాలుగు ముక్కల మెయిల్ రాయండి: నన్ను ఏ డెస్క్‌లో వేస్తారు, రోజుకు ఎన్ని గంటలు, నా పని ఎవరు చూస్తారు, మా డిపార్ట్‌మెంట్‌కు పంపాల్సిన మూల్యాంకనం మీద ఎవరు సంతకం చేస్తారు? వారం ఆగండి. మూడో ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరు వస్తే నా సలహా వెనక్కి తీసుకుంటాను, ఛానల్‌కే వెళ్లండి.