అన్నకి వచ్చింది, నాకు రాలేదు: చేపనడిగితే చెబుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం, ఊరూరా కిడ్నీ జబ్బే. మా అన్నా నేనూ ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే నూతి నీళ్లు తాగాం, ఇద్దరం జీడితోటల పనికే వెళ్లాం. అన్నకి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థం) 6 దాటి ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. నాకు ఇంతవరకూ ఏమీ లేదు. డిగ్రీలో జువాలజీ చదువుతున్న మా అమ్మాయేమో, జన్యువులకీ మన చుట్టూ ఉన్న పరిస్థితులకీ ఉన్న లంకె చిన్న చేపల్లో చూస్తారు నాన్నా అంటోంది. చేపకీ మా అన్న కిడ్నీకీ ఏం సంబంధం సార్?

జవాబు: చేపల సంగతికి ముందు ఒక మాట. మీకు ఏమీ అనిపించకపోయినా టెస్టులు మానొద్దు. ఇది చాలా ముదిరేదాకా బయటపడని జబ్బు, పైగా ఇంట్లో ఒకరికి వచ్చింది కాబట్టి రక్తం, మూత్రం పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకి చేయించుకుంటూ ఉండండి.

ఇక మీ ప్రశ్న. నీళ్లు ఒకటే అంటున్నారు గానీ, మీ అన్న మీకంటే ఎన్నేళ్లు ముందు ఎండలో పనికి దిగారో, ఒళ్లు నొప్పులకి ఎన్ని మాత్రలు మింగారో, పురుగుమందు కొట్టే పంపు ఎవరి భుజాన ఎక్కువ ఉందో ఎవరు లెక్కపెట్టారు? జన్యువులూ అంతే. ఒకే తల్లి కడుపున పుట్టినా అమ్మవి సగం, నాన్నవి సగం ఎవరి వాటా వాళ్లది, మీ వాటా మీ అన్న వాటాలా ఉండదు. ఇన్నీ కలగలిసిపోయాక ఏది ఎంత చేసిందో విడదీయడం మనుషుల్లో చాలా కష్టం. చేపలోనైతే నీళ్లు అలాగే ఉంచి జన్యువు మార్చొచ్చు, జన్యువు అలాగే ఉంచి నీళ్లూ మార్చొచ్చు.

మీ అమ్మాయి చెప్పింది జీబ్రా చేప గురించే అయ్యుంటుంది. మన దేశపు చేపే, గంగ, బ్రహ్మపుత్ర వైపు వాగుల్లో, పొలాల గుంటల్లో ఉంటుంది. పెద్దదైనా 4, 5 సెంటీమీటర్లు మించదు, ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలం చారలు. దీన్ని లేబొరేటరీలో నిలబెట్టింది అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్, ఆయన పేపరు 1981లో వచ్చింది. 2013లో దీని జన్యువులన్నీ చదివి చూస్తే మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో జోడీ దొరికింది.

దీని గుడ్డు చూడాలండీ, ఆవగింజంత ఉంటుంది, లోపల పిల్ల అద్దంలోంచి కనిపించినట్టు కనిపిస్తుంది. మర్నాటికల్లా గుండె కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడం మైక్రోస్కోపులో మనమే లెక్కపెట్టొచ్చు. మన ఒక్కో కిడ్నీలో లక్షల కొద్దీ వడపోత గొట్టాలుంటే, రెండు రోజుల చేపపిల్లలో ఉండేవి రెండే, అవీ అప్పటికే పనిలో పడతాయి. అవి దెబ్బతింటే ఒంట్లోకి వచ్చిన నీరు బయటికి పోక పిల్ల గుండె చుట్టూ, పొట్టలో బుడగలా ఉబ్బుతుంది. డయాలసిస్ వాళ్ల కాళ్లు, మొహం నీరు పట్టడం మీరు రోజూ చూస్తూనే ఉన్నారు కదా, ఇంచుమించు అలాంటిదే.

ఇప్పుడు మీ అన్నదమ్ముల లెక్కకి వద్దాం. ఒక జన్యువులో ఒక కాపీ మాత్రమే పాడైన మగ చేపనీ ఆడ చేపనీ జత కలిపితే వందల పిల్లలొస్తాయి. వాటిలో పావు వంతుకి రెండు కాపీలూ బాగుంటాయి, సగానికి ఒకటి పాడై ఉంటుంది, మిగిలిన పావు వంతుకి రెండూ పాడే. అన్నిటినీ ఒకే గిన్నెలో, ఒకే నీళ్లలో పెంచి, అనుమానం ఉన్న పదార్థాన్ని కొలిచి ఆ నీళ్లలో కలుపుతారు. ఏ పిల్లకి ఏం జరిగిందో ముందు రాసుకుని, జన్యువు ఆ తర్వాతే చూస్తారు. టెక్సాస్ యూనివర్సిటీ వాళ్లు 2013లో మద్యంతో ఇలాగే చేశారు. పీడీజీఎఫ్ఆర్ఏ అనే జన్యువు ఒక కాపీ పాడైన పిల్లలు మామూలు నీళ్లలో బాగానే పెరిగాయి. మామూలు పిల్లలు ఆ మోతాదు మద్యాన్ని తట్టుకున్నాయి. పాడైన జన్యువూ, మద్యమూ ఒకే పిల్లకి తగిలినప్పుడు మాత్రం దవడ, మొహం ఎముకలు దెబ్బతిన్నాయి. తప్పు జన్యువుదా, మద్యానిదా అని అడిగితే ఏం చెబుతాం?

మీ అన్న విషయంలోనూ ఇలాగే జరిగిందని నేననడం లేదు. ఉద్దానం జబ్బుకి ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండన్నారు, నొప్పి మాత్రలన్నారు. చేప చేయగలిగింది ఆ అనుమానాల్ని ఒక్కొక్కటిగా పరీక్షకి నిలబెట్టడం వరకే. బాల్కన్ దేశాల్లోనూ ఇలాగే కొన్ని ఊళ్లకే పరిమితమైన కిడ్నీ జబ్బు ఉండేది, అక్కడా ఒకే ఊళ్లో కొందరికి వచ్చి కొందరికి రాలేదు. 1950ల నుంచి వెతగ్గా వెతగ్గా గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే ఒక మొక్క గింజల దగ్గర తేలింది, అవి పిండిలో కలిసిపోయి రొట్టెల్లోకి చేరేవి. ఆ గింజల్లోని విషాన్ని చేపపిల్లల మీద కూడా చూశారు, కిడ్నీ దెబ్బతింది. అయితే చేప ఐదు రోజుల్లో చెప్పేది ఒకటి, మే నెల ఎండలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి ఒంట్లో జరిగేది ఇంకొకటి. పైగా కిడ్నీ దెబ్బతింటే పెద్ద జీబ్రా చేప కొత్త వడపోత గొట్టాల్ని పుట్టించుకుంటుంది, ఆ అదృష్టం మనకి లేదు.

ప్రశ్న: విజయనగరంలో ఉంటాం. మా బాబు అక్వేరియంలో చారల చేపలున్నాయి, షాపువాడు జీబ్రా అన్నాడు. అవేనా ఇవి? వాడు ఇంట్లోనే ప్రయోగం చేస్తానంటున్నాడు.

జవాబు: అవే అమ్మా. నీళ్లలో మందులూ గిందులూ కలపడం మాత్రం వద్దు, లేబొరేటరీలో కూడా దానికి అనుమతులు, పద్ధతులు ఉంటాయి. చూడ్డానికే బోలెడుంది. తొట్టె అడుగున గోలీలు పరచమనండి, లేకపోతే పెట్టిన గుడ్లని అవే తినేస్తాయి. సాధారణంగా పొద్దున్నే వెలుతురు పడగానే గుడ్లు పెడతాయి, కాబట్టి సెలవుల్లో కూడా బాబు త్వరగా లేవాల్సిందే. ఒక భూతద్దం కొనివ్వండి. ఇంకో తమాషా, ఆడా మగా అనేది వీటిలో పూర్తిగా పుట్టుకతోనే తేలిపోదు. పిల్లలు మరీ వేడి నీళ్లలోనో, ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలోనో పెరిగితే మగవి ఎక్కువవుతాయి.

ప్రశ్న: మా వీధి నూతిలో దోమల కోసం వదిలినవి కూడా ఈ చేపలేనా? (శ్రీకాకుళం)

జవాబు: కాదు, అవి గంబూసియా అయ్యుంటాయి. అమెరికా చేప, 1928లో ఇటలీ మీదుగా మన దేశానికొచ్చింది. అది గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లల్నే కంటుంది, కాబట్టి పిల్ల ఎదుగుదల బయటికి కనిపించదు. చెరువులో మాత్రం వేయకండి, మన చిన్న చేపల గుడ్లూ పిల్లల్నీ తినేస్తుంది.