పాత సిమెంటు గచ్చుకు వాటర్ బేస్డ్ డై వేస్తే నిలుస్తుందా? సీలర్ ఎప్పుడు కొట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: 12 బై 12 గది, పాత సిమెంటు గచ్చు, టైల్స్ పరిచే ఉద్దేశం లేదు. డై (సిమెంటులోకి ఇంకే రంగు) వేసి, దాని మీద సీలర్ (రంగును కాపాడే పారదర్శక పూత) కొడితే సరిపోతుందా, ఎండ పడే వరండాకు కూడా అదే వేయొచ్చా?

గదికి నిక్షేపంగా వేయొచ్చు. వరండాకు వద్దు. డై రంగులు చాలావాటికి ఎండ పడదు, వెలిసిపోతాయి. మన పాత ఇళ్లలో ఎర్ర గచ్చు ఇప్పటికీ ఎర్రగానే ఉందంటే అందులో కలిపింది రెడ్ ఆక్సైడ్ కాబట్టి. అది ఇనుప ఖనిజం రంగు, ఎండకు చెక్కు చెదరదు. వరండాకు ఆ దారే చూసుకోండి.

డై పెయింటులా పైన పొర కట్టదు, సిమెంటు రంధ్రాల్లోకి ఇంకుతుంది. గచ్చు నీళ్లు తాగితేనే రంగు తాగుతుంది. అందుకని ముందు గదిలో నాలుగైదు చోట్ల చెంచాడు నీళ్లు పోసి చూడండి. నిమిషంలో ఇంకి ఆ చోటు నల్లబడితే సరే. తామరాకు మీద బొట్టులా నిలబడిందంటే పాత మైనమో, నూనో పట్టి ఉండాలి, లేదా మేస్త్రి చివర్లో ఉత్త సిమెంటు చల్లి తాపీతో అద్దంలా రుద్ది ఉండాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఈ రెండోదే. అలాంటి గచ్చు మీద పాలిష్ మిషన్‌తో 80 గ్రిట్, తర్వాత 120 గ్రిట్ రాయి తిప్పించి ఆపేయండి (గ్రిట్ అంటే రాయి గరుకు, అంకె పెరిగేకొద్దీ నునుపు). ఇంకా నున్నగా 400 దాకా వెళ్తే రంధ్రాలు మళ్లీ మూసుకుపోయి వాటర్ డై పైపైనే ఉండిపోతుంది. బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగేద్దాం అంటారు మేస్త్రులు. ఒప్పుకోకండి. అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తింటుంది. సరిగా కడగకపోతే మిగిలిన లవణాలు సీలర్‌ని పట్టనివ్వవు.

చెమ్మ కూడా చూడాలి. 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు అంచులా టేపు వేసి, కనీసం 16 గంటలు వదిలేయండి. కింద నీటి చుక్కలు పట్టినా, నేల నల్లబడినా ఆ చెమ్మ తగ్గేదాకా పని మొదలుపెట్టొద్దు. కొత్తగా వేసిన గచ్చయితే 28 రోజులు ఆగాలి.

ఇంకో మాట: డై దేన్నీ కప్పదు. పగుళ్లకు పెట్టిన ప్యాచీలు, పాత టైల్ గమ్ గళ్లు, మేస్త్రి కొట్టిన నీలం దారం గీత, అన్నీ రంగులోంచి కనిపిస్తాయి. గచ్చు బూడిద రంగు కాబట్టి పసుపు వేస్తే మురికి ఆకుపచ్చలోకి దిగుతుంది. గోధుమ, ఎరుపు, నలుపు ఛాయలైతే భయం లేదు.

తలుపు వెనక రెండడుగుల ముక్కలో ముందు వేసి చూడండి, సీలర్‌తో సహా. ఆరిన డై ముగ్గుపిండి పట్టినట్టు వెలవెలబోతుంది. అది చూసి కంగారుపడి మూడో కోటు, నాలుగో కోటు కొడతారు. సీలర్ పడగానే బొగ్గులా తేలుతుంది. ఆరిన చోట తడిగుడ్డ అద్దితే కనిపించేదే దాదాపు అసలు రంగు. డైని ముదురు చేయగలం కానీ లేత చేయలేం.

కలిపిన డై లీటరు 50 నుంచి 100 చదరపు అడుగులకు వస్తుంది. మీ 144 అడుగులకు రెండు కోట్లంటే 4, 5 లీటర్లు. డబ్బా మీద చెప్పిన పాళ్లలో మొత్తం ఒకే బకెట్లో కలపండి, విడివిడిగా కలిపితే ఛాయ మారుతుంది. మొక్కలకు మందు కొట్టే చేతి పంపు చాలు, నాజిల్ పొగమంచులా చిమ్మాలి. గోడలకు రెండడుగుల ఎత్తున ప్లాస్టిక్ కట్టి, ఫ్యాను ఆపి, దూరపు మూల నుంచి తలుపు వైపు వెనక్కి జరుగుతూ సున్నాలు చుట్టినట్టు కొట్టండి. రెండో చేత్తో నాజిల్ కింద ఒక గుడ్డ పట్టుకోండి. ఒక్క చుక్క జారిందా, పావలా కాసంత ముదురు మచ్చ అక్కడే ఉండిపోతుంది. మడుగు కట్టిన చోట వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి, రుద్దకండి.

రాత్రంతా ఆరనిచ్చి తెల్లగుడ్డతో నేలను రుద్దండి. రంగు అంటితే పైన పొడి మిగిలినట్టు. బాగా పిండిన తడి మాప్‌తో, గుడ్డకు అంటడం ఆగేదాకా తీసేయాలి. సీలర్ పెచ్చులూడిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ పొడే. సీలర్ గచ్చును పట్టుకోలేదు, దుమ్మును పట్టుకుంది.

నేల మళ్లీ పూర్తిగా ఆరాక వాటర్ బేస్డ్ అక్రిలిక్ సీలర్ మొదటి కోటు పలచగా స్ప్రే చేసి వదిలేయండి. దాని మీద రోలర్ పెడితే కింద డై తడిసి చారలు లాగుతుంది. అది ఆరాక రెండో కోటు రోలర్‌తో వేయొచ్చు. రెండింటికీ 4 లీటర్లు సరిపోతాయి. తడిగా ఉన్నప్పుడు పాలలా కనిపించడం మామూలే. ఆరాక కూడా తెల్లగా ఉంటే చిక్కగా పోశారు, లేదా నేలలో తడి ఉంది. ముసురు పట్టిన రోజుల్లో ఇది మరీ ఎక్కువ. ఒక రోజు ఆగి నడవండి, మంచాలు, బీరువాలు వారం తర్వాతే.

ఈ అక్రిలిక్ వంటింటికి పనికిరాదు. వేడి గిన్నె దించితే మెత్తబడుతుంది, పసుపు మరక పోదు. అక్కడ రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురేథేన్ సీలర్ పెట్టించండి. ఎక్కడైనా సరే, నేల కడగడానికి యాసిడ్ ముట్టుకోవద్దు.

ఏడాదికోసారి నడక ఎక్కువున్న చోట, గుమ్మం దగ్గర, ఆ నీటి చుక్క మళ్లీ వేసి చూడండి. ఇంకి నల్లబడుతుంటే సీలర్ అరిగింది, శుభ్రం చేసి ఒక కోటు ఇవ్వండి. డై దాకా అరగనిస్తే ఆ ముక్క ఒక్కదానికే రంగు కలపడం చాలా కష్టం, అతుకు కనిపిస్తూనే ఉంటుంది.