రూమ్మేట్స్ చూస్తారని మాత్రలు మానేస్తున్నా.. ప్రమాదమా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. హాస్టల్ గదిలో ముగ్గురం ఉంటాం. రెండేళ్లుగా హెచ్‌ఐవీకి టీఎల్‌డీ (మూడు మందులు కలిపిన) మాత్ర వాడుతున్నా. రాత్రిపూట డబ్బా చప్పుడైతే ఎవరైనా అడుగుతారని టెన్షన్. పండక్కి ఊరెళితే నాలుగైదు రోజులు అసలు వేసుకోను. ఈమధ్య ఏదీ వద్దనిపిస్తోంది. ఒంట్లో బాగానే ఉంది కదా, పర్వాలేదా? - ఓ పాఠకుడు

డాక్టర్ సలహా: పర్వాలేదని చెప్పలేను. అలాగని మీది నిర్లక్ష్యమనీ అనను. నా దగ్గరికొచ్చేవాళ్లలో మరిచిపోయి మానేసేవాళ్ల కన్నా, దాచలేక మానేసేవాళ్లే ఎక్కువ. మీ ఒంట్లో బాగుండటం ఆ మాత్ర చలవే. ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. పదేపదే మానేస్తుంటే మందుకు లొంగకుండా పోయే ముప్పూ ఉంది.

ఈ మాత్ర రాత్రే వేసుకోవాలని లేదు. ఆఫీసులో మధ్యాహ్నం భోజనం వేళకు మార్చుకోండి. రెండు మూడు రోజులకు సరిపడా చిన్న డబ్బాలో వేసుకుని, పైన కాస్త దూది కుక్కి, మూత బిగించండి. చప్పుడు రాదు. పెద్ద డబ్బా బీరువాలో తాళం వేసి ఉంచండి. ఒక పూట తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, మర్నాడు మాత్రం రెండు వద్దు. ఊరెళ్లేముందు మందులు సరిపోతాయో లేదో చూసుకుని, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ముందే అడగండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 'ఏదీ వద్దనిపిస్తోంది' అన్న మాట. అది డిప్రెషన్ కావచ్చు. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మాత్ర వేసుకోవడం కూడా కొండంత పనే. కొందరికి టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్ అనే మందు వల్ల నిద్ర పట్టకపోవడం, దిగులు రావచ్చు. సొంతంగా ఆపకుండా డాక్టర్‌కు చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే క్షణం ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097 హెల్ప్‌లైన్ ఉంది.

మీ అనుమతి లేకుండా ఏఆర్‌టీ సిబ్బంది మీ విషయం బయటపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇచ్చిన రక్షణ ఇది. అయినా, నమ్మకమున్న ఒక్కరికి, అన్నకో స్నేహితుడికో, చెప్పుకోగలిగితే చాలా బరువు దిగుతుంది.

ఈ వారమే కేంద్రానికి వెళ్లి, ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు. వైరల్ లోడ్ పరీక్ష (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసేది) ఎప్పుడు చేయాలో వాళ్లే చూస్తారు. రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి, అలాగే నిలిస్తే లైంగికంగా ఎవరికీ సోకదు. రేపు పెళ్లి మాట వచ్చినప్పుడు, ఆ అమ్మాయికి నిజం చెప్పడానికి మీకు ధైర్యమిచ్చేది ఆ రిపోర్టే.