హెచ్‌ఎం మారితే ప్రైమరీ టీచర్ల పనితీరు నిజంగా మారుతుందా?

మారుతుంది. జీతం పెంచినా రానంత మార్పు వస్తుంది. నేను ప్రైమరీ టీచర్ని. రెండు రకాల హెచ్‌ఎంల దగ్గరా పనిచేశాను కాబట్టి గట్టిగానే చెప్తున్నాను.

మొదటి ఆయన తలుపు దాకా వచ్చి, లోపల గోల లేకపోతే వెళ్లిపోయేవారు. లెసన్ ప్లాన్ రాశారా, రిజిస్టర్ నింపారా, అంతవరకే. ప్లాన్లు ముత్యాల్లా రాసేవాళ్లం. పాఠం మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లది.

తర్వాత వచ్చిన మేడమ్ ఓ రోజు నా రెండో తరగతిలో వెనక బెంచీ మీద పిల్లల మధ్య కూర్చున్నారు. ఇన్‌స్పెక్షనేమోనని ఒకటే టెన్షన్. 52లోంచి 38 తీసెయ్యమంటే సగం మంది 26 అని రాశారు. పీరియడ్ అయ్యాక ఆవిడ అడిగింది ఒక్కటే: "మాస్టారూ, ఇంతమందికీ ఒకే తప్పు ఎలా వచ్చిందంటారు?" ఇద్దరం నోటుపుస్తకాలు ముందేసుకుని చూశాం. 2లోంచి 8 పోదు కదా, అందుకని పిల్లలు 8లోంచే 2 తీసేశారు! మర్నాడు ఆవిడ పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టి తెచ్చి, నన్ను వెనక కూర్చోబెట్టి తనే పాఠం చెప్పారు. ఒక పాప కట్ట విప్పి, విడి పుల్లల్లో కలిపి లెక్కపెట్టి, "పన్నెండున్నాయి, ఇప్పుడు ఎనిమిది పోతాయి" అని అరిచింది. ఆ వారమే పక్క సెక్షన్ టీచర్ వచ్చి ఆ కట్టలు అడిగి పట్టుకెళ్లారు. ఎవరూ సర్క్యులర్ పంపలేదు.

జీతం సంగతికొస్తే, అది వేళకి రాకపోతే మనసు విరుగుతుంది, వచ్చినంత మాత్రాన హుషారు పుట్టదు. 1959లో హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దాదాపు ఇదే చెప్పాడు. ఆయన అడిగింది ఇంజినీర్లనీ అకౌంటెంట్లనీ అయినా, మా స్టాఫ్ రూమ్‌కి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. 2008లో వివియన్ రాబిన్సన్ అనే విద్యా పరిశోధకురాలి బృందం అంతకుముందు జరిగిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, హెచ్‌ఎంలు పనిచేసే రకరకాల తీరుల్లో టీచర్లతో పాటు తామూ కూర్చుని నేర్చుకునే హెచ్‌ఎంల ప్రభావమే పిల్లల చదువు మీద అన్నిటికన్నా ఎక్కువగా తేలింది.

ఇక ఆ ఉత్తమ టీచర్ సర్టిఫికెట్లు! ఒకరికిస్తే మిగతావాళ్లు ఆ ఏడాదంతా ముఖం మాడ్చుకుంటారు. రాత్రి పూట వాట్సాప్‌లో "ఫోటోలు అర్జెంట్" అంటూ వచ్చే మెసేజ్‌ల గురించి అడక్కండి, బీపీ పెరుగుతుంది.

నన్నడిగితే, సీనియారిటీ ఎంతున్నా సరే, రోజూ ఒక్క పీరియడైనా పాఠం చెప్పనివాళ్లకి హెచ్‌ఎం కుర్చీ ఇవ్వకూడదు.