ఢిల్లీ వెళుతున్న నా జూనియర్‌కు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎంపీగా గెలిచిన రోజు నుంచి నీ ఇంటి ముందు జనం తగ్గలేదని విన్నాను. ఫోనులో రెండు ముక్కలు మాట్లాడే వీలు లేదు కాబట్టి రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు చదువుకో.

ముందు నీ కేసుల సంగతి. ఎంపీ వకీలుగా ప్రాక్టీసు చేయకూడదన్న నిషేధం లేదు. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అయినా కట్టలన్నీ కక్షిదారులకు తిరిగి ఇచ్చేయి. పార్లమెంటు సమావేశాలకూ అనంతపురం కోర్టు వాయిదాలకూ పొసగదు. భూమి దావా వేసిన రైతు నీ కోసం ఏళ్ల తరబడి ఎందుకు తిరగాలి?

ఇక సభ. మనవాళ్లు నీ నుంచి ఉపన్యాసాలు ఆశిస్తారు. నేనూ ఒక విడత అక్కడ కూర్చున్నవాడినే. 543 మందిలో, పార్టీ బలాన్ని బట్టి పంచే సమయంలో, కొత్తవాడి వంతుకు మిగిలేది కొన్ని నిమిషాలు. మధ్యాహ్నం దాకా వాదించే అలవాటు వదులుకో, దావా రాసే అలవాటు మాత్రం ఉంచుకో. ఒక సమస్యను సభ దృష్టికి తేవడానికి 377 నిబంధన కింద ఇచ్చే అంశానికి 250 పదాలే హద్దు. ఏం జరిగింది, ఎవరు బాధ్యులు, ఏం కోరుతున్నావు: ఇంతే పట్టేది.

నీకు అసలైన ఆయుధం ప్రశ్న. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్రం గుర్తు ప్రశ్నలు రోజుకు 20, అవీ లాటరీలో తేలతాయి. ప్రశ్నోత్తరాల గంటలో నోటి జవాబు దాకా వచ్చేవి ఐదారే. గుర్తు లేనివి 230, వాటికి రాతపూర్వక జవాబు. టీవీలో కనిపిస్తామని కొత్త సభ్యులు నక్షత్రం కోసం తహతహలాడతారు. నన్నడిగితే గుర్తు లేనిదే మేలు. లెక్కలు కాగితం మీదకు వస్తాయి, ఆ కాగితాన్ని రేపు ఎక్కడైనా చూపించవచ్చు.

తుంగభద్ర ఎగువ కాలువనే తీసుకో. "అనంతపురానికి జరుగుతున్న అన్యాయం ప్రభుత్వానికి తెలుసా?" అని అడిగితే మంత్రి నాలుగు తీపి మాటలు చెప్పి కూర్చుంటాడు. మొదట్లో 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో సుమారు 105కు తగ్గింది. ఎగువ కాలువలో మన రాష్ట్రం వాటా 32.5 టీఎంసీలు. గత ఐదేళ్లలో ఏ ఏడు ఎంత నీరు సరిహద్దు దాటి వచ్చింది? పూడిక వల్ల తగ్గిన నీటిని ఏ లెక్కన పంచారు? 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయాక మిగతా 32 గేట్లకు ఏం చేశారు? ఇలా విడివిడిగా అడుగు. ఆ నీటిని పంచే తుంగభద్ర బోర్డు ఏర్పాటు కేంద్రానిదే కనుక రాష్ట్రాల మీదకు నెట్టి తప్పుకోవడం కష్టం.

మంత్రి "పరిశీలిస్తాం" అంటే తేదీ రాసుకో. హామీగా నమోదైతే మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకుంటే ప్రభుత్వ హామీల కమిటీ నిలదీస్తుంది. కోర్టులో ఎదుటి వకీలు ఇచ్చిన హామీని నువ్వెప్పుడైనా మరచిపోయావా?

శాఖల పనిని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘం ఎంచుకునేటప్పుడు వ్యవసాయమో జలవనరులో అడుగు. రక్షణ, విదేశాంగం వినడానికి గొప్పగా ఉంటాయి, వేరుశనగ బీమా ముచ్చట మాత్రం అక్కడికి రాదు. సభలో విప్, అంటే ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు కింద సభ్యత్వానికే ముప్పు. సంఘంలో విప్ లేదు, కెమెరాలూ లేవు, శాఖ కార్యదర్శి ఎదురుగా ఉంటాడు. నీ క్రాస్ ఎగ్జామినేషన్ నేర్పు చూపించాల్సింది అక్కడే. గొంతు మాత్రం పెంచకు.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. ఏడు అసెంబ్లీ స్థానాలకు పంచితే ఎంత వస్తుందో నువ్వే లెక్క వేసుకో. నీది సిఫారసు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. కాంట్రాక్టరును వెంటబెట్టుకుని పని అడగడానికి వచ్చేవాడిని గుమ్మం దగ్గరే గుర్తుపట్టు.

చిత్తూరులో ప్లీడరుగా పనిచేసిన అనంతశయనం అయ్యంగార్ 1956లో స్పీకరయ్యారని బార్‌లో మనవాళ్లు గర్వంగా చెబుతారు. అదే కుర్చీలో 1967లో కూర్చున్న మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు చదువు మధ్యలోనే ఆపి ఉద్యమంలోకి వెళ్లినవారు. నల్లకోటు చూసి ఎవరూ నీకు దారి ఇవ్వరు.

తెలుగులో మాట్లాడదలిస్తే ముందుగా తెలియజేయి, అనువాదకులను ఏర్పాటు చేస్తారు. ఎగువ కాలువ ప్రశ్న ముసాయిదా ఈ వారమే రాసి పంపు, ఎర్రసిరాతో దిద్ది పంపిస్తాను.

మీ సీనియర్