పిస్టన్‌ను నెట్టేది పొగేనా?

ప్రశ్న: ప్రాణహిత ఒడ్డున మిర్చికి 5 హెచ్‌పి డీజిల్ ఇంజిన్‌తో నీళ్లు పెడతాను. ఈ ఏడు అది లాగడం లేదు, డీజిల్ మాత్రం బాగా తాగుతోంది. నల్ల పొగ ఎంత వస్తే అంత బలం అంటాడు మా అల్లుడు. నిజంగా పిస్టన్‌ను నెట్టేది పొగేనా అన్నా?
— ఒక రైతు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: మీ అల్లుడు చెప్పింది సగం నిజం తమ్ముడూ. నెట్టేది గ్యాసే. నల్ల పొగ మాత్రం సరిగా కాలని డీజిల్ మసి, అంటే మీ డబ్బులే.

ఇంజిన్ పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. అది దాదాపు కాలదు. అయినా పనిలో ఎక్కువ భాగం దానిదే! ఆక్సిజన్‌తో కలిసి డీజిల్ మండగానే లోపల వేడి 2000 డిగ్రీల దాకా పోతుంది. కాలగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, వాటితో పాటు ఈ నైట్రోజన్ అన్నీ ఒక్కసారిగా వేడెక్కుతాయి. వేడెక్కిన గ్యాసుకు చోటు కావాలి. పైన మూసే హెడ్ కదలదు, చుట్టూ ఉండే బోరు (సిలిండర్ గోడ) కదలదు, కదిలేది పిస్టన్ ఒక్కటే.

80 మిల్లీమీటర్ల వెడల్పున్న పిస్టన్ తల వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 60 కిలోల ఒత్తిడి వేసుకున్నా మొత్తం 30 క్వింటాళ్లు. 1500 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఈ దెబ్బ నిమిషానికి 750 సార్లు పడుతుంది, ఎందుకంటే రెండు చుట్లకు ఒక్కసారే మంట. మిగతా చుట్టంతా ఫ్లైవీల్ లాక్కుపోతుంది. పిస్టన్ దిగే కొద్దీ గ్యాసు చల్లబడుతుంది, ఆ తగ్గిన వేడిలో చాలా భాగం షాఫ్ట్‌కు బలంగా చేరుతుంది. అయినా సైలెన్సర్ మీద నీటి చుక్క పడితే చుయ్‌మంటుంది కదా, అదంతా మనకు దక్కని వేడి.

ఇక మీ ఇంజిన్ సంగతి. డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని పదహారో పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడికే అంటుకుంటుంది. గాలి ఎక్కడైనా కారిపోతే వేడీ చాలదు, మండాక ఒత్తిడీ నిలవదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ఇంజిన్‌కు నాజిల్ (లోపలికి డీజిల్ చిమ్మే భాగం) రెండుసార్లు మార్చాను. తీరా చూస్తే పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయి ఉంది. ఆ రైతు నన్నేమీ అనలేదు గానీ, రెండో నాజిల్ డబ్బులు తీసుకోవడానికి నాకే మొహం చెల్లలేదు.

కాబట్టి నాజిల్ కొనకండి. డీజిల్ కాక్ కట్టేసి, స్టార్టింగ్‌లో గాలిని బయటికి వదిలే డీకంప్రెషన్ లివర్‌ను గాలి లోపలే నిలిచేలా పెట్టి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. ఒకచోట గట్టిగా ఎదురు తన్నాలి. తన్నకుండా సులువుగా తిరిగితే చెవి పెట్టి వినండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ దగ్గర అయితే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర అయితే పిస్టన్ రింగులో బోరో. ఎక్కడ వినిపించిందో రాయండి, విప్పాలో వద్దో అప్పుడు చెబుతాను.